గురి తప్పుట, గురి కుదురుట



నేను ముమ్మిడివరమువాడను. పెదతండ్రిగారియొద్ద పంచకావ్యములు చదివి, పిదప భాషాప్రవీణ పరీక్షయం దుత్తీర్ణుడనై, ముప్పదియేండ్లకు పైబడి పిల్లలకు తెలుగు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొంటిని. శబ్దములను, సమాసములను గూర్చి చెప్పవలసినవాడు విసరుటను గూర్చియు, గురిని గూర్చియు ప్రసంగించుట యేమని తమకు తోపవచ్చును. కారణము చెప్పెదను. ఈ విషయమున నేనొక బాలునకు అపచారము చేసితిని. గురియనగా నేమో నాకు తెలియకపోవుటచేతనే అది జరిగినది. ఆలస్యముగానైనను తెలిసినదానిని నలుగురు పెద్దలకు చెప్పుట విధియని యెంచి యీ ప్రసంగమునకు పూనుకొంటిని.

ముందుగా జరిగినది వినుడు. నేను పనిచేసిన యొక బడి ప్రహరీగోడకు ఆవల మామిడిచెట్టు కలదు. తరగతిలో ఒక బాలుడు చదువున వెనుకబడినవాడు. కాని రాయి చేతబట్టెనా, తొడిమకు తగులునట్లు విసరి కాయకు గాయము లేకుండ రాల్చెడివాడు. తోట యజమాని వచ్చి ఫిర్యాదు చేసెను. నేను వానిని నిలువబెట్టి, కుడి అరచేత బెత్తముతో అయిదు దెబ్బలు కొట్టి, “ఈ చేయి యెందులకును పనికిరాదు” అంటిని. దొంగతనమునకు శిక్షించుట తప్పు కాదని అప్పుడును అనుకొంటిని, ఇప్పుడును అందును. అయితే నేను నిందించినది దొంగతనమును కాదు, ఆ చేతిని. మరుసటి యేడు ఆ బాలుడు బడి మానెను.

ఇది జరిగి చాల సంవత్సరములైనది. గడచిన సంక్రాంతికి మా దౌహిత్రుడు అమెరికానుండి వచ్చుచు నాలుగు చక్రములు తెచ్చెను. ఒక్కొక్కటి జానెడు వెడల్పు, పదమూడు మొదలు పదిహేను తులముల బరువు కలిగి, పళ్ళెమువలె లోపల గుల్లగా నుండును. దీనితో ఆడు ఆటకు డిస్క్ గోల్ఫ్ అని పేరట. గోల్ఫ్ ఆటలో కఱ్ఱతో బంతిని కొట్టి గుంటలో పడవేయుదురు. ఇందు చక్రమును చేతితో విసరి, దూరమున నాటిన స్తంభమునకు అమర్చిన బుట్టలో పడవేయవలెను. బుట్ట అంచు నడుమునకు ఇంచుక దిగువగా నుండును. దానికి పైన గొలుసులు వ్రేలాడును. వచ్చిన చక్రము గొలుసులకు తగిలి వేగము చచ్చి బుట్టలో పడును. చక్రము పడినచోటినుండియే మరల విసరవలెను. ఎవ్వడు తక్కువ విసరులతో బుట్టలన్నిటిని ముగించునో వాడు గెలిచినవాడు. సాధారణముగా ఒక మైదానమున తొమ్మిదిగాని పదునెనిమిదిగాని బుట్టలుండును.

ఈ ఆట చరిత్ర మిక్కిలి పాతది కాదు. మారిసన్ అను అమెరికా దేశస్థుడు కల్పించిన ఎగురు చక్రమును 1957వ సంవత్సరమున ఒక కంపెనీవారు విపణిలోనికి తెచ్చిరి. ఆ కంపెనీయందే పనిచేసిన ఎడ్ హెడ్రిక్ అను నాతడు చక్రమును చక్కదిద్ది నిలుకడగా ఎగురునట్లు చేసెను. 1975వ సంవత్సరమున కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ అను ఉద్యానమున ఈ యాటకై స్థిరమైన మైదానము ఏర్పడెను. మరుసటి యేడు ఆటగాండ్ర సంఘము స్థాపింపబడెను. గొలుసుల బుట్టను కల్పించినవాడును హెడ్రిక్కే. ఆతడు 2002వ సంవత్సరమున మరణించగా, ఆతని కోరికపై చితాభస్మమును కలిపి కొన్ని చక్రములు పోతపోసిరి. మనము అస్థికలను గోదావరిలో కలుపుదుము. ఆతడు తన అస్థికలను ఆటలో కలుపుకొనెను.

మా మనుమడు పెరటి కొబ్బరిచెట్టునకు వెదురుగంప నొకదానిని కట్టి, “తాతగారూ, మీరును విసరుడు” అనెను. వాని సంతోషమునకై విసరితిని. మొదటినాడు నలువది విసరులలో మూడు మాత్రమే గంపలో పడినవి. నాకు పట్టుదల కలిగినది. వాడు తిరిగిపోయిన పిదపకూడ ఉదయమున ఒక గడియసేపు విసరుచు, ప్రతి విసరును లెక్కపుస్తకమున గుర్తు వేసికొనుచు వచ్చితిని. ఆ పుస్తకము నాకు చెప్పిన పాఠములనే మీకు చెప్పుచున్నాను.

మొదటి పాఠము: గురి తప్పుటలో రెండు జాతులున్నవి. ఇద్దరు బాలురు చెరి పది మారులు విసరిరనుకొందము. మొదటివాని పది చక్రములును గంపకు ఎడమప్రక్క రెండు మూరల దూరమున, ఒక జానెడు మేరలోనే కుప్పగా పడినవి. గంపలో ఒక్కటియు పడలేదు. రెండవవానివి నాలుగు దిక్కుల చెదరి పడినవి; అందు రెండు గంపలో పడినవి. మనము ఎవనిని మెచ్చుకొందుము? రెండు వేసినవానినే కదా. కాని సిద్ధికి దగ్గఱనున్నవాడు మొదటివాడు. వాని చేయి ప్రతిమారును ఒకే పని చేయుచున్నది. వాడు గురిని రెండు మూరలు కుడికి జరుపుకొన్నచో పదియును గంపలోనే పడును. రెండవవానికి అట్టి సులభోపాయము లేదు. వాని చేయి ఒక్కొక్కమారు ఒక్కొక్క పని చేయుచున్నది. గంపలో పడిన ఆ రెండును దైవికములు.

మొదటి దోషమునకు వరుసతప్పు అనియు, రెండవదానికి చెదరుతప్పు అనియు నేను పేరు పెట్టుకొంటిని. వరుసతప్పునకు మందు గురిని మార్చుట. చెదరుతప్పునకు మందు చేతి వాటమును కుదుర్చుకొనుట. ఈ భేదము తెలియక ఒకదానికి రెండవదాని మందు వాడినచో రోగము ముదురును. చెదరుతప్పు గలవాడు ప్రతి విసరునకును గురి మార్చినచో చెదరు హెచ్చును. వరుసతప్పు గలవాడు చక్కగా కుదిరిన చేతి వాటమును మార్చుకొన్నచో ఉన్నదియు పోవును. కావున ఒక్క విసరును చూచి తీర్పు చెప్పరాదు. పది విసరులు పడినచోట్లను చూచి, అది కుప్పయో చెదరో కనుగొన్న పిమ్మటనే దిద్దుబాటు చేయవలెను.

రెండవ పాఠము లెక్కకు సంబంధించినది. చేయి ఒక్క డిగ్రీ ప్రక్కకు తిరిగినచో, పది మీటర్లు, అనగా ఇంచుమించు పదునొకండు గజముల దూరమున చక్రము 17 సెంటీమీటర్లు ప్రక్కకు పోవును. అది జానకు తక్కువ. అదే డిగ్రీ తప్పు అరువది మీటర్ల దూరమున ఒక మీటరునకు పైబడును. గంప రెండడుగుల వెడల్పున్నదనుకొన్నచో, పది మీటర్లనుండి ఇరుప్రక్కల ఒకటిన్నర డిగ్రీలకు మించి తప్పు చేసినను గంప క్షమించును. అరువది మీటర్లనుండి డిగ్రీలో మూడవవంతు తప్పును గూడ క్షమింపదు. దగ్గఱ కనబడని దోషము దూరమున బయటపడునని దీనివలన తెలియుచున్నది. కావుననే అభ్యాసము దగ్గఱనుండి మొదలిడవలెను. దూరమునుండి మొదలిడినవానికి తన తప్పు ఎచ్చటనున్నదో తెలియదు; తప్పినదని మాత్రమే తెలియును.

మూడవ పాఠము చక్రము నడకను గూర్చినది. రాయి విసరినచో చేతినుండి వెడలిన దారినే పోవును. చక్రమట్లు కాదు. అది గాలిపై ఆనుకొని పోవును. చిన్ననాడు మనమందరము కాలువగట్టున నిలిచి, పెంకును అడ్డముగా త్రిప్పి విసరి, నీటిపై ఎగిరెగిరి పోవునట్లు చేసినవారమే. పెంకు గిఱ్ఱున తిరుగుచున్నంతసేపు బల్లపరుపుగా పోవును. తిరుగుడు తగ్గగానే మునుగును. చక్రముయొక్క రహస్యమును అదియే. బొంగరము తిరుగుచున్నంతసేపు నిలిచియుండునట్లు, చక్రము తిరుగుచున్నంతసేపు ఒరగక పోవును. విసరు బలము దానిని ముందునకు నడపును. తిరుగుడు దానిని నిలుపును. ఈ రెంటిలో తిరుగుడు తక్కువైనచో ఎంత బలముగా విసరినను చక్రము వడకి పడిపోవును.

బొంగరమునందు మఱియొక విచిత్రము కలదు. తిరుగుచున్న బొంగరము నెత్తిని ముందునకు త్రోసినచో అది ముందునకు ఒరగదు, ప్రక్కకు ఒరగును. చక్రమునకును ఇదే న్యాయము. గాలి దాని అంచును ఎత్తజూచినచో, అది ఎత్తుకొనక ప్రక్కకు ఒరగును. కుడిచేతివాడు చక్రమును ఎడమ రొమ్మునుండి కుడికి లాగి విసరినపుడు అది పైనుండి చూచువారికి గడియారపు ముల్లు తిరుగు దిక్కున తిరుగును. అట్టి చక్రము వేగము తగ్గి పడబోవు సమయమున ఎడమకు వాలును. ఎడమచేతివానికి ఇది తలక్రిందులు. నా పుస్తకమున మొదటి వారము గుర్తులన్నియు గంపకు ఎడమననే యుండుటకు కారణమిది. నేను నా చేతిని నిందించుకొనుచుంటిని; తప్పు చేతిది కాదు, చక్రపు స్వభావము నెరుగని నాది. కొంత కుడికి గురిపెట్టినంతనే గుర్తులు గంపలోనికి జరిగినవి.

చక్రపు ముందరి అంచు పైకి లేచియుండునట్లు విసరుట క్రొత్తవారందరు చేయు దోషము. గంప ఎత్తున నున్నది గదా యని అంచును ఎత్తుదురు. చక్రము కొంతదూరము పైకెక్కి, వేగము చచ్చి, ఎడమకు జారిపడును. ఎత్తునకు పంపవలెనన్నచో చేయి పోవు దారి నెత్తవలెనుగాని, చక్రపు మొగము నెత్తరాదు.

ఇక శరీరమును గూర్చి చెప్పెదను. గురి కంటియందున్నదని లోకుల నమ్మకము. కంటియందు సగమే యున్నది. కుడిచేతివాడు కుడిభుజమును గంపవైపు పెట్టి, ప్రక్కవాటుగా నిలువవలెను. పాదములు భుజముల వెడల్పున నుండవలెను. చక్రమును రొమ్ము ఎత్తున, గంపవైపు తిన్నగా గీచిన గీతపై వెనుకకు కొనిపోయి, ఆ గీతపైననే ముందునకు లాగవలెను. చేయి దొడ్డగా వంకర తిరిగి వచ్చినచో వదలు క్షణము కొంచెము మారినను దిక్కు మారును. ముందుగా వదలినచో ఎడమకు, ఆలస్యముగా వదలినచో కుడికి పోవును. చేయి తిన్నని గీతపై నడచినచో వదలు క్షణమున కొంత హెచ్చుతగ్గులున్నను దిక్కు చెడదు. బలము మొదట పాదములనుండి నడుమునకు, నడుమునుండి భుజమునకు, పిదప మోచేతికి, తుదకు మణికట్టునకు రావలెను. మణికట్టు కొసన ఇచ్చు విదిలింపే చక్రమునకు తిరుగుడు. వదలిన పిదపకూడ చేయి గంపవైపు సాగిపోవలెను. మధ్యలో ఆగిన చేయి, వదలకమునుపే ఆగుటకు సిద్ధపడియుండును. ఆ సిద్ధపాటే గురిని చెఱచును.

దగ్గఱి విసరులకు ఇంత త్రిప్పుట అక్కఱలేదు. పదునొకండు గజములలోపల గంపకు ఎదురుగా నిలిచి, బొటనవ్రేలు పైనను తక్కిన వ్రేళ్ళు చక్రపు అడుగున విచ్చియు పట్టుకొని, ముందునకు సాచి వదలిన చాలును. పట్టు గట్టిగా నున్నచో చక్రము ఆలస్యముగా జారును. పట్టు సడలియున్నచో తానే జారును. పిచ్చుకపిల్లను పట్టుకొన్నట్లు పట్టుకొనవలెను: ఎగిరిపోరాదు, నలగరాదు.

ఇప్పుడు కంటి విషయము. ద్రోణాచార్యులు చేసిన పరీక్ష మీ రందరు ఎరిగినదే. చెట్టుపై కృత్రిమపక్షిని నిలిపి, శిష్యుల నొక్కొక్కరిని “ఏమి కనబడుచున్నది?” అని అడిగెను. ధర్మరాజు చెట్టును, గురువును, తమ్ములను, పక్షిని చూచుచున్నాననెను. అర్జునుడు పక్షిని మాత్రమే చూచుచున్నాననెను. పక్షి ఎట్లున్నదో చెప్పుమనగా శిరస్సు మాత్రమే కనబడుచున్నది, దేహము కనబడుటలేదనెను. జనులు దీనిని కన్ను మాత్రమే కనబడినదని చెప్పుకొందురుగాని, వ్యాసభారతమున నున్నది శిరస్సు. ఏదైనను భావ మొక్కటియే: గంపను చూచువాని చక్రము గంప దగ్గఱకు పోవును, గంప నడుమ ఒక్క వెదురుబద్దను చూచువాని చక్రము గంపలో పడును. పెద్ద గుఱిని చూచినపుడు చిన్న తప్పును కన్ను పట్టుకొనలేదు. గొలుసుల బుట్టయున్నచోట ఆటగాండ్రు ఒక్క గొలుసు లంకెను ఏర్పరచుకొని దానినే చూతురట.

కాని ఆదిపర్వమున నే మఱియొక కథ కలదు. దానిని మనము తక్కువగా తలచుకొందుము. ఒకనాటి రాత్రి అర్జునుడు భుజించుచుండగా గాలికి దీపమారెను. చీకటిలోనైనను చేయి తప్పక నోటికే పోయెను. ఇది అభ్యాసబలమని ఆతడు గ్రహించి, నాటినుండి చీకటిలో బాణములు వేయ సాధన చేసెను. పక్షి కథ కంటి ఏకాగ్రతను చెప్పును. అన్నపు కథ చేతి అలవాటును చెప్పును. మొదటిది పరీక్షనాటి మాట. రెండవది పరీక్షకు ముందు గడచిన రాత్రుల మాట. మనము పిల్లలకు మొదటి కథనే చెప్పి, “గురి చూచి కొట్టరా” అందుము. ప్రతిదినము అన్నము తిన్నట్లు ప్రతిదినము విసరుమని చెప్పము.

గాలిని గూర్చి కొంత. మన కోనసీమ సముద్రతీరము. పగలు నేల వేడెక్కగా మధ్యాహ్నమునుండి సముద్రపుగాలి లోనికి వీచును. కావున క్రొత్తగా నేర్చుకొనువారు ప్రాతఃకాలమున, కొబ్బరాకు కదలని వేళ విసరుట మంచిది. ఎదురుగాలిలో చక్రము తనకు వేగము హెచ్చినదనుకొని పైకి లేచి, కుడిచేతివానికి కుడికి ఒరగును. వెనుకగాలిలో త్వరగా క్రుంగి ఎడమకు వాలును. ఎదురుగాలి వీచునపుడు బలము హెచ్చించుట సహజముగా తోచును. అది తప్పు. బలము హెచ్చినకొలది ఒరుగుట హెచ్చును. చక్రమును తక్కువ ఎత్తున, నిదానముగా, తిరుగుడు తగ్గకుండ పంపవలెను.

అభ్యాసక్రమమున నేను పెట్టుకొన్న నియమములివి. మూడు గజములనుండి మొదలిడుట. పదింట ఎనిమిది పడినచో ఒక గజము వెనుకకు జరుగుట. పదింట అయిదుకన్న తక్కువ పడినచో ఒక గజము ముందునకు వచ్చుట. ఒక్కనాడు ఒక్క దోషమునే దిద్దుకొనుట. పట్టును, నిలుకడను, దిక్కును ఒకేమారు మార్చినచో దేనివలన బాగుపడినదో దేనివలన చెడినదో తెలియదు. భుజము అలసినంతనే మానుట; అలసిన చేయి నేర్చుకొనునది అలసటనే. ఈ వయసున నేను ఏడు గజములనుండి పదింట ఏడు వేయగలుగుచున్నాను. ఇది గొప్ప కాదు. కాని నలువదింట మూడు వేసిన చేయియే యిది.

ఇది దూరదేశపు ఆట గదా, మనకేమి పని యని యెవరైన అనవచ్చును. గురిని సాధించి లోకమును మెప్పించినవారు మన గడ్డపైననే పుట్టిరి. కృష్ణాతీరమున విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ అను విలుకత్తె 2023వ సంవత్సరమున చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలయందు మూడు స్వర్ణపతకములు గెలిచెను. ఆమె వాడునది కప్పీలు గల కాంపౌండు విల్లు. గురిబల్ల ఏబది మీటర్ల దూరమున నుండును. దాని నడుమ పది అంకెలు వచ్చు పసుపుపచ్చని వలయము ఎనిమిది సెంటీమీటర్లు వెడల్పు, అనగా పెద్ద నిమ్మకాయంత కన్న ఇంచుక ఎక్కువ. అంతదూరమునుండి ఆ వలయము డిగ్రీలో పదునొకండవ వంతు మాత్రమే. ఒంటరి పోటీ అంత్యఘట్టమున ఆమె పదునైదు బాణములు వేసి, నూటయేబదికి 149 అంకెలు సంపాదించి, దక్షిణ కొరియా క్రీడాకారిణిని 145 అంకెలతో నిలిపివేసెను. పదునాలుగు బాణములు ఆ నిమ్మకాయలోనే గ్రుచ్చుకొన్నవి.

ఇది యెట్లు సాధ్యము? విలుకాండ్రు నారిని లాగిన చేతిని ప్రతిమారును దవడయొద్ద ఒకే చోట ఆనింతురు. ఒక వెండ్రుకవాసి మారినను బాణము మారును. బాణములు కుప్పగా ఒకప్రక్కకు పడినచో చేతి వాటమును ముట్టుకొనరు. వింటికి అమర్చిన గురి మరను ఆ ప్రక్కకు జరుపుదురు. చెదరి పడినచో మరను ముట్టుకొనరు. నిలుకడను, ఊపిరిని, వదలుటను పరీక్షించుకొందురు. నేను పెరటిలో గంపయొద్ద నేర్చుకొన్న వరుసతప్పు, చెదరుతప్పుల భేదమే వారికిని మూలసూత్రము. 

గురి కుదిరినవాడు ఎప్పుడును ఓడడనుకొనరాదు. విజయవాడకే చెందిన బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్‌తో జతగూడి, 2024వ సంవత్సరమున పారిస్ ఒలింపిక్ క్రీడలయందు మిశ్రజట్టు పోటీలో కాంస్యపతకపు ఆటవరకు పోయి, అమెరికావారిచేత ఓడి నాలుగవ స్థానమున నిలిచెను. పతకము చేజారినది. అయినను ఒలింపిక్ విలువిద్యలో భారతీయులు పతకపు ఆటవరకు పోవుట అదియే మొదటిమారు. తప్పిన బాణమును చూచి చేతిని నిందించువారు ఆ దూరము పోలేరు.

ఇక మొదట చెప్పిన బాలునియొద్దకు వచ్చెదను. ఈ వేసవిలో ఒక ఉదయమున నేను చక్రము చేతబట్టుకొని కాలువగట్టున నడచుచుండగా, ఒక మనుష్యుడు విసురువల వేయుచుండెను. వల ఆకాశమున గుండ్రముగా విచ్చి, గూటికి గూడు కుదిరినట్లు నీటిపై పడినది. నేను నిలిచి చూచితిని. ఆతడు తిరిగి చూచి, “నమస్కారమండి మాష్టారూ” అనెను. ఆ బాలుడే. తల నెరసినది.

చక్రమును చూపి విషయము చెప్పగా నవ్వి, నా వెంట పెరటికి వచ్చెను. మొదటి విసరు గంపకు ఎడమగా పోయెను. రెండవదియు అటులనే, అదే చోటికి పోయెను. మూడవదానికి ఆతడు పాదమును కొంచెము జరిపి, కుడికి విసరెను. చక్రము ఎడమకు వాలి గంపలో పడెను. నేను నెలరోజులు పుస్తకమున గుర్తులు వేసి తెలిసికొన్నదానిని ఆతడు రెండు విసరులలో గ్రహించెను. ఎట్లు తెలిసినదని అడిగితిని. “చేపను కన్ను చూస్తాదండి, వలను మాత్రం కాళ్ళే ఇసురుతాయండి. ఒకే చోట తప్పుతుందంటే చెయ్యి మంచిదేనండి, నిలబడ్డ చోటే మారాలి” అనెను.

నాకు వెంటనే మాట రాలేదు. కొంతసేపటికి, “నాయనా, ఆనాడు నీ చేతి నొక మాట అంటిని, జ్ఞాపకమున్నదా?” అని అడిగితిని. “ఉందండి” అనెను. దెబ్బలను గూర్చి అడుగనక్కఱలేదని ఆతని మొగము చెప్పినది. జ్ఞాపకమున్నది ఆ మాటయే. నేను తప్పు చేసితినంటిని. ఆతడు తలవంచుకొని, “పోనీండి మాష్టారూ. మా చిన్నపిల్లకి రాళ్ళు ఇసిరే పిచ్చండి. రేపు తీసుకురమ్మంటారా?” అనెను. మరునాటినుండి ఆ బాలిక వచ్చుచున్నది. ఆమె పేర ఒక లెక్కపుస్తకము వ్రాయుచున్నాను.

పెద్దలారా, నా విన్నపము మూడు మాటలు. మొదటిది చోటు. ప్రతి గ్రామమునను బడి మైదానమున ఒక మూల, ఒక కొబ్బరిమొద్దునకు ఒక గంప కట్టుటకు ఖర్చు కాదు. చక్రము లేకున్నను గుడ్డబంతి చాలును. అయితే చక్రపు అంచు గట్టిది, తగిలినచో గాయమగును. కావున విసరు దారిలో మనుష్యులు, పశువులు, బాట ఉండరాదు. విసరు ముందు ఎదుట ఎవరును లేరని చూచుకొనుట మొదటి నియమముగా నేర్పవలెను. పక్షులపై, కాయలపై విసరరాదని దానితోపాటే నేర్పవలెను. గంప ఒకటి చూపినచో ఆ మాట వారు విందురు. ఏమియు చూపక వద్దన్నచో వినరు.

రెండవది లెక్క. పది విసరులకు ఒకమారు గుర్తులు చూచి, కుప్పయో చెదరో పిల్లలచేతనే చెప్పించుడు. తప్పును కోపము లేక చూచుట వారికి అలవడును. ఈ అలవాటు గణితమునందును, వ్రాతయందును, సేద్యమునందును ఉపకరించును.

మూడవది మాట. తప్పిన విసరును తప్పినదనుడు. ఎందుకు తప్పినదో చెప్పగలిగినచో చెప్పుడు. చేతిని మాత్రము నిందింపకుడు. విసరు ఒక క్షణములో నేలబడి ఆగును. దానిని మరల తీసి విసరవచ్చును. పెద్దవాని నోటినుండి వెడలిన మాట పడినచోట ముప్పదియేండ్లు ఉండును. దానికి నేనే సాక్షిని.

సెలవు.